సాలెపురుగుకు భయపడి సీటు వదులుకోవాలా?



మన బ్రాంచిలో చదివే పిల్లల ఇళ్లలో అన్నో అక్కో డిగ్రీ ముగించి ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్ యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఫీజు, ఎడ్యుకేషన్ లోను, వీసా సంగతులు చెప్పడానికి కన్సల్టెన్సీలు ఉన్నాయి. వాళ్లను అడగలేక, పేరెంట్స్ మీటింగు అయిపోయాక ఆగి, కొంచెం మొహమాటంగా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆస్ట్రేలియాలో కమోడులో పాములు, బూట్లలో సాలెపురుగులు ఉంటాయంట కదా? ఫోన్లో ఆ వీడియోలు చూసినప్పటి నుంచి మా ఇంట్లో అవ్వ మనవరాలిని పంపేదే లేదని కూర్చుంది."

నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. ఫిబ్రవరి సీటును జులైకి జరపడం, జులై వచ్చేసరికి అసలు మాటే ఎత్తకపోవడం, చివరికి 'ఇక్కడే ఏదో ఒకటి చూసుకుందాంలే' అనేయడం చాలా ఇళ్లలో జరిగేదే. అలా ఆగిపోయేది కూడా ఎక్కువగా ఆడపిల్లల సీటే. అందుకే ఈ నెల ఈ భయం గురించే రాస్తున్నాం. విదేశాల్లో ప్రమాదం లేదని చెప్పడానికి కాదు. ఉంది. అయితే అది మీరు చూస్తున్న వైపు లేదు.

మన చేలల్లో ఉన్నవి

ముందు మన ఊరి సంగతే చూద్దాం. నల్లచెరువు, తనకల్లు, కదిరి చుట్టుపక్కల చెనిక్కాయ చేలల్లో పని చేసిన ప్రతి ఇంటికీ పాములు తెలుసు. మన దేశంలో పాముకాటు మరణాలకు ఎక్కువగా కారణమయ్యేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మొదటి రెండింటి విషం ముఖ్యంగా నరాల మీద పని చేస్తుంది, తరువాతి రెండింటిది రక్తం మీద. ఈ నాలుగూ మన మెట్ట ప్రాంతాల్లో తిరిగేవే. పెనుకొండ, కల్యాణదుర్గం వైపు కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు సరేసరి.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. వాళ్లలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలు. ఎక్కువ మంది పల్లెల్లోనే, ఇళ్లలోనే పోయారు. మరణాల్లో సగం వానాకాలంలోనే. పాముకాటు భారం ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇన్ని పాముల మధ్య ఉంటూ కూడా మనం రోజూ వణికిపోతూ బతకడం లేదు. ఎందుకంటే ఈ నేల పద్ధతులు మనకు తెలుసు. రాత్రి బయటికి వెళ్తే టార్చి పట్టుకుంటాం. పీకి కుప్పేసిన చెనిక్కాయ చెట్టులో చూడకుండా చేయి పెట్టం. వానాకాలంలో పిల్లల్ని కింద పడుకోబెట్టవద్దని, మంచం వేయమని పెద్దవాళ్లు చెబుతారు. ఆ చివరి మాటకు బలమైన కారణమే ఉంది. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. ఇంత ప్రమాదకరమైన జీవి మన పెరట్లో తిరుగుతున్నా ఫోన్లో దాని వీడియో రాదు కాబట్టి దాని గురించి అంతగా ఆలోచించం.

తేలికగా గుర్తుకొచ్చేది తరచుగా జరుగుతుందని మనసు అనుకుంటుంది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే ఈ సంగతి రాశారు. అప్పటికి స్మార్ట్‌ఫోను లేదు. ఇప్పుడైతే మీరు ఒక పాము వీడియో పూర్తిగా చూస్తే యాప్ మరో పది తెచ్చి పెడుతుంది. అవ్వ చూసింది ఆస్ట్రేలియాను కాదు, తన ఫోనును.

అక్కడ ఉన్నవి

ఇప్పుడు ఆస్ట్రేలియా లెక్క. 2000 నుంచి 2013 వరకు ఆ దేశంలో విషజీవుల కాటుతో, కుట్టడంతో చనిపోయిన వాళ్లందరూ కలిపి 64 మంది. పాములతో 27 మంది, తేనెటీగలూ కందిరీగలతో మరో 27 మంది. సాలెపురుగు కాటుతో ఒక్కరూ లేరు. అదే కాలంలో గుర్రాల వల్ల, అంటే స్వారీలో పడటం, తన్నడం వంటి వాటితో, 74 మంది పోయారు. ఆస్ట్రేలియా గుర్రాలకు భయపడి సీటు మానుకున్న కుటుంబాన్ని మేమైతే ఇంతవరకు చూడలేదు.

పాములతో ఏడాదికి సగటున ఇద్దరు. జనాభా తేడాను లెక్కలోకి తీసుకున్నా మన దగ్గర ముప్పు వందల రెట్లు ఎక్కువ. అక్కడి పాముల విషం తక్కువని కాదు. ల్యాబులో కొలిస్తే ప్రపంచంలోకెల్లా ఘాటైన విషం ఆస్ట్రేలియాలోని ఇన్‌లాండ్ తైపాన్‌దే. కానీ అది మనుషులు దాదాపు లేని ఎడారి నేలలో ఉంటుంది. ఊళ్ల దగ్గర తిరుగుతూ ఎక్కువ మరణాలకు కారణమయ్యేది ఈస్టర్న్ బ్రౌన్ అనే గోధుమరంగు పాము. అది కరిచినా ఎక్కువ మంది బతుకుతున్నారంటే, వాళ్లకు కాటుకు ఏం చేయాలో బడిలోనే తెలుస్తుంది, అంబులెన్సు వస్తుంది, ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఉంటుంది. చెప్పులు లేకుండా గడ్డిలో పని చేసేవాళ్లూ, నేల మీద పడుకునేవాళ్లూ అక్కడ తక్కువ.

సాలెపురుగుల సంగతీ అంతే. సిడ్నీ చుట్టుపక్కల ఉండే ఫనెల్ వెబ్ సాలెపురుగు నిజంగానే ప్రమాదకరం. దాని విషానికి విరుగుడు 1981లో వచ్చింది. ఆ తర్వాత దాని కాటుతో చనిపోయినట్టు నిర్ధారణ అయిన మనిషి లేరు. వీపున ఎర్రచార ఉండే రెడ్‌బ్యాక్‌కు 1956 నుంచే మందు ఉంది. వీడియోల్లో గోడ మీద అరచేయంత కనబడి భయపెట్టేది మాత్రం చాలాసార్లు హంట్స్‌మన్. అది మన ఇళ్లలో బల్లి లాంటిది, బొద్దింకలను తిని బతుకుతుంది. అక్కడివాళ్లు దాని మీద గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, బయట వదిలేస్తారు.

మరో సంగతి, ఆస్ట్రేలియా ఒక ఊరు కాదు. ఉప్పునీటి మొసళ్లు, కుడితే ప్రాణం మీదికి వచ్చే బాక్స్ జెల్లీఫిష్ ఉండేది ఉత్తర తీరంలో, డార్విన్, కెయిర్న్స్ వైపు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పిన సుమారు 59 వేల మందిలో ఎక్కువ మంది మెల్‌బోర్న్, సిడ్నీ లాంటి దక్షిణాది నగరాల్లో ఉన్నారు. మెల్‌బోర్న్‌కూ కెయిర్న్స్‌కూ మధ్య దూరం సుమారు 2,300 కిలోమీటర్లు. నల్లచెరువు నుంచి శ్రీనగర్‌కు ఉన్నంత. శ్రీనగర్‌లో మంచు పడిందని మనం ఇక్కడ స్వెట్టర్లు తీయం కదా.

అమెరికా అయితే అక్కడ ఏటా ఏడెనిమిది వేల మందిని విషసర్పాలు కరుస్తాయి, చనిపోయేది ఐదుగురు దాకా. అక్కడి నేషనల్ పార్కులకు మన పిల్లలు సెలవుల్లో వెళ్తుంటారు. యెల్లోస్టోన్‌లో ఎక్కువ మందిని గాయపరిచేది ఎలుగుబంటి కాదు, బైసన్ అనే అడవిదున్న. గాయపడేవాళ్లు తరచుగా సెల్ఫీ కోసమో, దగ్గరగా చూద్దామనో వెళ్లినవాళ్లే. ఎలుగుబంట్లు, తోడేళ్ల నుంచి 100 గజాలు, మిగిలిన పెద్ద జంతువుల నుంచి 25 గజాలు దూరం ఉండాలన్నది అక్కడి నియమం. ఆ బోర్డును మీ అబ్బాయి చదివి పాటిస్తే చాలు.

అసలు అడగాల్సింది నీళ్ల గురించి

బ్రిటన్‌లో విషసర్పం ఒక్కటే రకం, యాడర్. దాని కాటుతో చివరి మరణం 1975లో. జంతువుల భయంతో చూస్తే పిల్లలను పంపడానికి అంతకంటే మంచి దేశం దొరకదు. కానీ 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు నీళ్లలో మునిగి చనిపోయారు. అదే ఏడాది జులైలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మిల్లా మిల్లా జలపాతం దగ్గర మరో ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు అలాగే పోయారు. చదువుకోవడానికి వెళ్లి, సెలవు రోజున స్నేహితులతో కలిసి బయటికి వెళ్లిన పిల్లలు. ఒకే ఏడాదిలో నాలుగు ఇళ్లు. అందులో ఏ జంతువూ లేదు.

ఇది రాయడానికి మాకూ కష్టంగానే ఉంది. రాయకుండా ఉండటం ఇంకా తప్పు. ఆస్ట్రేలియా తీరంలో రిప్ కరెంట్ అనేదొకటి ఉంటుంది. ఒడ్డుకు కొట్టిన అలల నీళ్లు ఒక పాయగా మళ్లీ సముద్రంలోకి వేగంగా వెళ్లిపోతాయి. పైకి చూస్తే ఆ చోట అలలు తక్కువగా, ప్రశాంతంగా కనబడుతుంది. ఈత రానివాళ్లు 'ఇక్కడ అలల్లేవు, దిగుదాం' అనుకునేది సరిగ్గా అక్కడే. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు వేసిన లెక్కలో ఈ పాయల వల్ల ఏటా సగటున 21 మంది పోతుంటే, సొరచేపల వల్ల ఒకరు.

మన పిల్లలకు ఈ విషయంలో ఇబ్బంది ఎక్కువ. మనది సముద్రం లేని, వాన తక్కువైన ప్రాంతం. ఊరి పేరులోనే చెరువున్నా, ఈత నేర్చుకునేంత నీళ్లు ఏటా నిలుస్తాయన్న నమ్మకం లేదు. వ్యవసాయ బావులు ఎండి బోర్లు వచ్చాక, తాతల కాలంలో ప్రతి మగపిల్లవాడికీ వచ్చిన ఈత ఇప్పుడు చాలామందికి రాదు. ఆడపిల్లలకు అప్పుడూ నేర్పలేదు. ఈ పిల్లలే ఇరవై రెండేళ్ల వయసులో మొదటిసారి సముద్రం ముందు, జలపాతం ముందు నిలబడతారు. వచ్చినవాళ్లకు కూడా బావి ఈత వేరు, చల్లటి పారే నీళ్లలో ఈత వేరు.

కాబట్టి సాలెపురుగు గురించి పడే ఆందోళనలో సగం ఈత మీద పెట్టండి. వేసవి సెలవుల్లో పిల్లల్ని బెంగళూరులోనో అనంతపురంలోనో బంధువుల ఇంట్లో ఉంచి కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు పంపండి. అమ్మాయినీ అబ్బాయినీ ఇద్దరినీ. ఆస్ట్రేలియా వెళ్లే పిల్లలకు ఈ మూడు మాటలు చెప్పి పంపండి. బీచ్‌లో ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలి, జెండాలు లేని చోట దిగకూడదు. నీళ్లు లాగేస్తుంటే ఎదురీదకుండా, వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి సాయం కోరాలి. జలపాతం దగ్గర తడి బండల మీదికి ఫోటో కోసం ఎక్కకూడదు, స్నేహితుడు పడితే వెనకాలే దూకకుండా తేలే వస్తువు ఏదైనా విసిరి ఫోన్ చేయాలి. ఉత్తరాన కెయిర్న్స్ వైపు వెళ్తే నవంబరు నుంచి మే దాకా వల కట్టిన చోటే సముద్రంలోకి దిగాలి, నది ఒడ్డున మొసలి బొమ్మ బోర్డు ఉంటే నీళ్లకు దూరంగా ఉండాలి.

కాటు పడితే: అక్కడొక పద్ధతి, ఇక్కడొక పద్ధతి

ఆస్ట్రేలియాలో పాము గానీ ఫనెల్ వెబ్ గానీ కరిస్తే, వెడల్పాటి సాగే బ్యాండేజీతో కరిచిన చోటు నుంచి మొత్తం చేతికో కాలికో గట్టిగా చుట్టి, కదలకుండా ఉంచి, 000కు ఫోన్ చేస్తారు. అక్కడి పాముల విషం ఎక్కువగా నరాల మీద, రక్తం మీద పని చేస్తుంది కాబట్టి, దాని వ్యాప్తిని నెమ్మది చేయడానికి డాక్టర్ స్ట్రువాన్ సదర్లాండ్ 1970లలో ఈ పద్ధతి రూపొందించారు. రెడ్‌బ్యాక్‌కు కట్టు అక్కర్లేదు, ఐస్ పెట్టి డాక్టరును చూపిస్తే సరి. సందేహం వస్తే 13 11 26 నంబరులో పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటరు వాళ్లు ఏ వేళనైనా సలహా చెబుతారు. స్టూడెంట్ వీసాతో పాటు తప్పనిసరిగా తీసుకునే ఓఎస్‌హెచ్‌సీ ఆరోగ్య బీమాలో అత్యవసర అంబులెన్సు ఖర్చు కూడా ఉంటుంది. 'ఖర్చవుతుందేమో' అని పిల్లలు ఫోన్ చేయకుండా ఆగకూడదు. ఈ సంగతి వాళ్లకు ముందే తెలియాలి.

మన దగ్గర మాత్రం తాడుతో గానీ గుడ్డతో గానీ బిగించి కట్టవద్దు. పింజరి విషం కరిచిన చోట కండను పాడు చేస్తుంది, బిగిస్తే ఇంకా నష్టం. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పోయవద్దు, మంత్రం వేయించుకుంటూ గంట పోగొట్టవద్దు. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా కర్రతో ఆనించి, 108కి ఫోన్ చేసి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉచితం. విదేశం వెళ్లేవాళ్లు ఇంట్లో లేకపోయినా ఈ పేరా మాత్రం మీకు పనికొస్తుంది.

ఇంట్లో మాట్లాడేటప్పుడు

1980లలో అమెరికా శాస్త్రవేత్త సూసన్ మినెకా కోతులతో ఒక ప్రయోగం చేశారు. ల్యాబులో పుట్టి పెరిగిన కోతులకు మొదట పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి ఒకటి పామును చూసి బెదిరిపోవడం కొద్దిసేపు చూశాయి, అంతే, అవీ భయపడటం మొదలుపెట్టాయి. తర్వాత వీడియోను మార్చి, కోతి పువ్వును చూసి బెదిరినట్టు చూపిస్తే ఆ భయం మాత్రం అంటుకోలేదు. పాముల భయం మనకు చాలా తేలికగా అంటుకుంటుంది, అదీ పక్కవాళ్ల ముఖం చూసి. బల్లి కనబడగానే అమ్మ కేకేస్తే ఆరో తరగతి పాపకు ఏం అందుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

చిన్నపిల్లలు అడిగినప్పుడు 'అక్కడ పాముల్లేవమ్మా' అని అబద్ధం చెప్పకండి. రెండు నిమిషాల్లో ఫోన్లో వెతికి చూపిస్తారు, ఆ తర్వాత మీ మాట నమ్మరు. 'ఉన్నాయి, ఎక్కడ ఉంటాయో ఎలా ఉండాలో నేర్చుకుందాం' అనండి. బయట వదిలిన బూట్లను వేసుకునే ముందు దులపడం, గడ్డిలో చెప్పులతోనే నడవడం, రాళ్ల కింద చేయి పెట్టకపోవడం ఇప్పుడే అలవాటు చేయండి. నల్లచెరువులోనూ పనికొస్తాయి, మెల్‌బోర్న్‌లోనూ పనికొస్తాయి.

కొందరికి ఇది మాటలతో పోయే భయం కాదు. బొమ్మ చూసినా చెమటలు పట్టడం, గదిలోకే వెళ్లలేకపోవడం ఉంటే అది ఫోబియా. దానికి మంచి చికిత్స ఉంది. స్వీడన్ సైకాలజిస్టు లార్స్-గోరన్ ఓస్ట్ 1989లో వివరించిన పద్ధతిలో, నిపుణులు పక్కనుండి మూడు గంటల్లోపు ఒకే సిట్టింగులో భయపడే జీవి దగ్గరికి కొంచెం కొంచెంగా తీసుకెళ్తారు. చాలామందికి గట్టి మార్పు కనిపించింది. మనకు నిమ్హాన్స్ బెంగళూరులోనే ఉంది. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో వాళ్లు 'ధైర్యంగా ఉండు' అంటూ చేతిలో పురుగు పెట్టడం మాత్రం చికిత్స కాదు, అది భయాన్ని పెంచుతుంది.

ఇంకొక్క మాట. లెక్కలన్నీ చెప్పాక కూడా ఇంట్లో పెద్దవాళ్లు 'ఏమో, ఆ పాములు...' అంటుంటే, ఒకసారి ఆగి వినండి. చాలాసార్లు అది పాము గురించి కాదు. అంత దూరం పోతే పిల్ల మళ్లీ మాకు దొరుకుతుందా అన్న బెంగకు పాము పేరు పెట్టుకున్నారు. ఆ బెంగకు గణాంకాలు పనికిరావు. వారానికి ఏ రోజు వీడియో కాల్ చేస్తుంది, మొదటి సెలవులకు ఎప్పుడొస్తుంది, ఎవరి ఇంటి దగ్గర ఉంటుంది, రాత్రి షిఫ్టు పార్ట్‌టైం జాబు చేస్తుందా లేదా, ఇవి కూర్చుని మాట్లాడుకోండి. బెంగళూరు నుంచి సిడ్నీకి 2022 సెప్టెంబరులో నేరుగా విమానం మొదలైందని కూడా చెప్పండి. మన ఊరి నుంచి ఆ ఎయిర్‌పోర్టు హైదరాబాదు కంటే చాలా దగ్గర.

అవ్వ తానే వెళ్లి చూసి వస్తానంటే జూన్ నుంచి ఆగస్టు దాకా మంచి సమయం. మనకు వానాకాలం మొదలై చేలల్లో పాములు తిరిగే ఆ నెలల్లో అక్కడ చలికాలం, పాములు చాలావరకు బయటికి రావు. మెల్‌బోర్న్‌లో రాత్రిళ్లు ఆరేడు డిగ్రీలకు పడిపోతుంది కాబట్టి మందపాటి స్వెట్టరు, మేజోళ్లు ఇక్కడే కొని పెట్టుకోవడం మేలు.